నాలుగెకరాలూ మామిడికే ఇచ్చే ముందు

అల్లుడికి ఆశీస్సులు.

బంగారుపాళ్యం మెట్టలో వేరుశనగ మానేసి నాలుగెకరాలూ తోతాపురి మామిడి పెడతానన్నావట. వద్దనను. వాన ముఖం చాటేసి విత్తనాల ఖర్చు కూడా రాని ఏళ్లు మనకు కొత్త కావు. చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి, తోటకు కూలీల బెడదా తక్కువే. కానీ నువ్వు పంట లెక్కే వేశావు, ఇంటి లెక్క వేయలేదు.

వేరుశనగతో కాయలే కాదు, పశువుల మేతకు కట్టె కూడా వస్తుంది. మీ అమ్మ ఆవులు వేసవి గట్టెక్కేది ఆ కట్టె వామితోనే. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లుతోనే కిరాణా, కరెంటు, పిల్లల ఫీజులు గడుస్తున్నాయి. మామిడి డబ్బు ఏడాదికి ఒక్కసారి, అదీ జూన్, జూలైలలో. వామి లేక మేత కొని పాలు పోస్తే చివరికి మిగిలేది పేడే! తోటలు వేసిన ఇళ్లలో ముందుగా సంతకు వెళ్లేది ఆవే. కలుపుకూ, కాయ ఒలుపుకూ వచ్చే ఆడవాళ్ల కూలీ కూడా వేరుశనగతోపాటే పోతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నాటాక నాలుగైదేళ్లు చెప్పుకోదగ్గ కాపు ఉండదు. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చెట్టు అలుగుతుంది. 2025లో చూశావుగా, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించినా, ఆ 8 చేతికి రావడం లేదని రైతులు గగ్గోలు పెట్టారు.

అందుకే రెండెకరాలకే పెట్టు. పది మీటర్ల ఎడంతో ఎకరాకు 40 మొక్కలు పడతాయి. అన్నీ తోతాపురి వద్దు, కొన్ని బేనీషా (బంగినపల్లి) కలుపు. అవి తినే పండ్లుగా మార్కెట్లో అమ్ముడవుతాయి కాబట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిగాపులుండవు. మొక్కలు చిన్నవిగా ఉన్నంతకాలం సాళ్ల మధ్య వేరుశనగ, ఉలవ, అనప వేసుకోవచ్చు. నీడ కమ్మితే అవి రావు, అప్పటికి మిగతా రెండెకరాలే దిక్కు. బోరు పారే మూల కొంత పచ్చిమేతకు వదులు. మొక్కలకు, డ్రిప్పుకు ఈ ఏడు ఏం సాయం ఉందో ఉద్యాన శాఖ వాళ్లను అడుగు.

గుంతలు తీయించే ముందు మీ అమ్మ దగ్గరున్న పాల పుస్తకం తెచ్చి ఏడాది బిల్లులు కూడు. పక్కింటివాళ్ల తోట గుత్త ఎంతకు పోయిందో కనుక్కో. రెండూ పక్కపక్కన రాసుకుని నాకు ఫోను చెయ్యి.

మీ మామ