డార్విన్ చూపు తెలియాలంటే వానపాముల పుస్తకంతో మొదలుపెట్టండి

డార్విన్ ప్రకృతిని ఎలా చూశాడో తెలుసుకోవడానికి ఆయన పుస్తకాలలో ముందుగా ఏది చదవాలని అడిగారు. చాలామంది జాతుల పుట్టుక మీద ఆయన 1859లో ప్రచురించిన గ్రంథాన్ని సూచిస్తారు. దానిని నేను రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాను. ఆయన మరణానికి ఆరు నెలల ముందు, 1881లో వెలువడిన వానపాముల పుస్తకం మాత్రం నాలుగు రాత్రులలో పూర్తయింది.

ఇంగ్లండులో అప్పట్లో కెంట్ ప్రాంతంలో ఉన్న డౌన్ గ్రామంలో కాపురం పెట్టిన 1842లోనే ఆయన ఇంటి దగ్గరి పచ్చికబయలులో సుద్దముక్కలు చల్లించాడు. 1871లో అక్కడ గుంట తవ్వించి చూస్తే, ఆ సుద్ద 7 అంగుళాల లోతున తెల్లని చారలా కనిపించింది. వానపాములు కిందిమట్టిని మింగి పైకి తెచ్చి విసర్జిస్తూ పోవడం వల్లనే పైనున్నది నెమ్మదిగా కిందికి చేరిందని ఆయన తేల్చాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు మించిన మట్టి ఇలా పైకి వస్తుందని లెక్క కట్టాడు. ఒక్క గుంట తవ్వడానికి 29 ఏళ్లు ఆగిన మనిషి ఓపిక నన్ను ఆ లెక్కకన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది.

ఇంట్లో కుండీలలో వానపాములను పెంచి, వాటి దగ్గర ఈల వేయించి, బసూన్ అనే ఊదే వాద్యాన్ని ఊదించి, పియానో వాయించి చూశాడు. వేటికీ అవి చలించలేదు. కుండీనే పియానో మీద పెట్టి మీట నొక్కినప్పుడు మాత్రం చటుక్కున బొరియలలోకి జారుకున్నాయి. మా ఇంట్లో పియానో లేదు కనుక, ఒక రాత్రి నేను వానపాములున్న కుండీని వంటగట్టు మీద మిక్సీ పక్కన పెట్టి చూశాను. మిక్సీ తిప్పగానే బయట తల చాచి ఉన్న రెండూ లోపలికి పోయాయి. (వంటగట్టు మీద వానపాములేమిటని మా అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.)

వాటి తెలివిని అంచనా వేయడానికి ఆయన కాగితాన్ని త్రికోణాలుగా కత్తిరించి నేల మీద వేశాడు. బొరియలలోకి లాగిన 303 ముక్కలలో నూటికి 62 మొనవైపు నుంచే లోపలికి వెళ్లాయి. సన్నని మొనవైపు నుంచి లాగడమే సులువు కనుక, దీని నుంచి వాటికి కొంత తెలివి ఉందని ఆయన అనుకున్నాడు కానీ, అంతకుముందు ఇతర కారణాలన్నింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించాడు.

వాటి అలవాట్ల గురించిన మొదటి రెండు అధ్యాయాలు ముందు చదవండి. పాత రోమన్ కట్టడాలు భూమిలో కూరుకుపోవడం గురించిన భాగం కాస్త నెమ్మదిగా సాగుతుంది కనుక దానిని తరువాతకు ఉంచుకోవచ్చు.