ప్రతిసారీ మూతి పేలడం వేడి వల్లేనా, పక్కవాళ్లకు అంటుతుందా?

జ్వరం తగ్గిన ప్రతిసారీ పెదవి అంచున పొక్కులు వస్తున్నాయి, అమ్మేమో వేడి చేసిందంటోంది, పురిటికి వచ్చిన చెల్లెలు, ఇరవై రోజుల పాప ఇంట్లోనే ఉన్నారు, ఏం చేయాలి అని అడిగారు. నాకు ఎనిమిదో తరగతి నుంచీ ఇదే బాధ.

ముందు పాప సంగతి. చెక్కు పూర్తిగా ఊడేదాకా పాపను అస్సలు ముద్దు పెట్టుకోకండి. ఇది హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 వైరస్. మనకైతే వారం పది రోజుల చికాకు, అంతే. కానీ నెల నిండని పసిగుడ్డుకు సోకితే మెదడుకీ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి వస్తుంది. మా అక్క కూతురి బారసాల రోజు నా మూతి మీద చెక్కు ఉంది, అందుకని దూరం నుంచే చూసి వచ్చేశాను, అక్క చిన్నబుచ్చుకుంది, ఫోన్‌లో చెప్పాక అర్థం చేసుకుంది. మీ పాప పాలు సరిగ్గా తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి మీ పొక్కుల విషయం కూడా చెప్పండి.

ఇక వేడి మాట. ఆవకాయ వల్లో మామిడిపండ్ల వల్లో వచ్చేది కాదిది. చాలామందికి చిన్నప్పుడే ఎవరి ముద్దుతోనో, ఎంగిలితోనో తెలియకుండా అంటుకుంటుంది, ఆ తర్వాత ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో, పుర్రె లోపల, జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. జ్వరం, టెన్షన్, కొందరికి నెలసరి, ఏదో ఒకటి దాన్ని లేపితే ఆ నరం వెంటే దిగి వస్తుంది, అందుకే దాదాపు ఎప్పుడూ ఒకేచోట పేలుతుంది. నాది కుడి మూల, ఇంతవరకు ఎడమకు మారలేదు. మండుటెండ కూడా లేపుతుంది, కాబట్టి అమ్మ మాట పూర్తిగా తప్పు కాదు.

హెర్పిస్ అన్న పేరు వినగానే సిగ్గుపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్లలోపు వాళ్లలోనే సుమారు 380 కోట్ల మందికి ఇది ఉంది.

నాకు మొదట చీమ పాకినట్టు జిలజిలలాడుతుంది, గంటల్లోనే ఆవగింజలంత నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి, పగిలి తేనెరంగు చెక్కు కడితే నవ్వినా చిట్లుతుంది. ఆ జిల దశలోనే ఎసైక్లోవిర్ మాత్రలు మొదలుపెడితే ఫలితం ఉంటుంది, పొక్కులు లేచాక పెద్దగా ఉండదు, అందుకే డాక్టరుకి చూపించి ముందే రాయించుకుని ఉంచుకున్నాను. నీరు కారేటప్పుడు ఎక్కువగా అంటుతుంది, పొక్కు లేని రోజుల్లోనూ అప్పుడప్పుడు ఎంగిలిలో వైరస్ ఉంటుంది. కాబట్టి గ్లాసు, తువ్వాలు విడిగా పెట్టుకోండి.

పొక్కు గిల్లి ఆ చేత్తో కన్ను నలపకండి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు, అవి దీన్ని ఇంకా ముదరబెడతాయి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి.