విజయనగరంలో ఉండి గోల్ఫ్ నేర్చుకోవడం ఎలా?

"గోల్ఫ్ పిచ్చి పట్టింది, కోర్సుకి (ఆడే మైదానానికి) వెళ్లాలంటే విశాఖ పోవాలి, ఫుల్ సెట్టు కొనేసి ఇంటి దగ్గరే సాధన చేయొచ్చా?" అని అడిగారు. సాధన చేయొచ్చు, సెట్టు మాత్రం ఇప్పుడే వద్దు. ఆటలో 14 క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) దాకా ఉంచుకోవచ్చు గానీ మొదట సెవెన్ ఐరన్ (మధ్య దూరాలకి), శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి లేపడానికి), పుటర్ (గుంత దగ్గర బంతిని దొర్లించడానికి) చాలు. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్‌కి లాఫ్ట్ (బంతిని తాకే ముఖం వెనక్కి వాలిన కోణం) తక్కువ కాబట్టి ఆ ముఖం కాస్త కుడికి తెరుచుకున్నా బంతి కుడికి వంకర తిరిగిపోతుంది. కొత్తవాళ్లకి అదో తలనొప్పి. (ఇదంతా కుడిచేతి వాటం లెక్క.)

పెరట్లో కాస్త మట్టినేల ఉంటే అదే మంచి మాస్టారు. మన ఎర్రనేల ఎండితే రాయే, ముందురోజు సాయంత్రం తడిపి ఉంచండి, లేదంటే మణికట్టు పట్టేస్తుంది. ముగ్గుపిండితో లక్ష్యం దిశకి అడ్డంగా గీత గీసి, బంతి లేకుండానే దాని మీద స్వింగ్ చేయండి. క్లబ్బు గీరిన గాటు గీత దగ్గర మొదలై లక్ష్యం వైపు సాగాలి. గీతకి వెనకే పడుతోందంటే బరువు కుడికాలి మీదే ఉండిపోతోందన్నమాట. బంతి పెడితే దానికంటే ముందు మట్టి తగులుతుంది. దెబ్బ పడే వేళకి బరువు ఎడమకాలి మీదికి వచ్చేయాలి. బంతిని లేపుదామని మీరు లేవకండి, లేచారా అది నెత్తిన దెబ్బ తిని నేలబారున పోతుంది. లేపే పని లాఫ్ట్‌ది. కృత్రిమ గడ్డి మ్యాట్ మీద ఈ తప్పులు కనపడవు, క్లబ్బు జారి సరిపెట్టేస్తుంది.

అసలు బంతి కొట్టాలంటే పదడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు వల కట్టి, ఎనిమిది పదడుగుల దూరంలో నిలబడండి. క్రికెట్ వలలు చాలావాటికి కళ్లు పెద్దవి. గోల్ఫ్ బంతి వ్యాసం 43 మిల్లీమీటర్లకి కాస్త తక్కువే, దూరిపోతుంది. 25 మిల్లీమీటర్ల కన్ను అడగండి. వలని బిగించి కడితే బంతి మీ మీదికే తిరిగొస్తుంది, వదులుగా వేలాడాలి. వల వెనక రెండడుగులు వదిలి పాత గోనె పట్టా కడితే ఇంకా నిశ్చింత. అయోధ్య మైదానం లాంటి చోట, జనం తిరిగేటప్పుడు, చిల్లుల ప్లాస్టిక్ బంతులు తప్ప ఇంకేవీ బయటికి తీయకండి.

బంకర్ (కోర్సులో ఉండే ఇసుక గుంట) దెబ్బకి చింతపల్లి బీచ్ ఉంది. నీటి అంచున తడి ఇసుక మీద వెడ్జ్ ఎగిరిపడుతుంది, పైన పొడి ఇసుకలోకి పోండి. ముఖం తెరిచి పట్టుకుని, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టి, స్వింగ్ ఆపకుండా పూర్తి చేయండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవకపోతే ఉప్పుకి తుప్పు పడుతుంది.

ఇవి కుదిరాక విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో కోచ్ దగ్గర గ్రిప్ (కర్రని పట్టుకునే తీరు) ఒక్కటైనా సరిచేయించుకోండి. వీడియోలు చూసి గ్రిప్ దిద్దుకోవడం కష్టం.