నంది కొండ కింద సైటు సరే, ఆ 7 లక్షల ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో అద్దెకు ఉంటున్నాం. నాకు చేతికి 1,10,000, నా భార్యకు 35,000 వస్తుంది. అద్దె 24,000, కారు ఈఎంఐ 14,000, ఇంటి ఖర్చు 30,000, పాప స్కూలుకు 10,000. నంది హిల్స్ దగ్గర 30×40 సైటు 42 లక్షలకు చూశాం. చిన్న ఇల్లు కట్టుకుని శని, ఆదివారాలు వెళ్లి ఉండాలని, మిగతా రోజులు హోమ్‌స్టేకి ఇవ్వాలని, తర్వాత అక్కడే స్థిరపడాలని ఆశ. ఎఫ్‌డీ 7 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 4 లక్షలు ఉన్నాయి. బ్యాంకు 70 శాతం ఇస్తానంది. తక్కువ పడిన 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? అవసరానికి 4 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు, ఆఫీసు వాళ్ల 5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నాయి.

జవాబు: తీసుకోవద్దు. డౌన్‌పేమెంట్‌కు పర్సనల్ లోన్ తెస్తున్నారంటే ఆ సైటు ఇప్పటికి మీ స్తోమతకు మించినదనే అర్థం. అప్పు చేసి అప్పుకు అర్హత తెచ్చుకునే ఈ పద్ధతి బెంగళూరులో మన వాళ్లలో చాలామంది ఇళ్లలో కనిపిస్తోంది. అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను.

సైటు 42 లక్షలు. బ్యాంకు ఇచ్చేది 29.4 లక్షలు. మీరు పెట్టాల్సింది 12.6 లక్షలు. దీనికి రిజిస్ట్రేషన్ కలపాలి. కర్ణాటకలో పంచాయతీ పరిధిలోని సైటుకు 5 శాతం స్టాంపు డ్యూటీ, దాని మీద సెస్సు, సర్‌చార్జీ కలిసి 5.65 శాతం అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. మొత్తం 7.65 శాతం, అంటే 3.21 లక్షలు. ఈ డబ్బుకు బ్యాంకు లోన్ ఇవ్వదు. చేతి నుంచి కట్టాల్సింది 15.8 లక్షలు.

ఇప్పుడు నెల లెక్క చూడండి. ప్లాట్ లోన్ 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 29,800. పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకైతే 11,600. ఇప్పుడున్న 78,000 ఖర్చుతో కలిపి 1,19,400. జీతాలు 1,45,000 కాబట్టి నెలకు పాతికవేలు మిగులుతుంది, ఇబ్బందేముంది అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. మీ ఉద్యోగం పోయిన నెలలో ఇంటికి వచ్చేది 35,000, పోయేది 1,19,400. నెలకు 84,000 లోటు. ఆ రోజు మీ దగ్గర ఎఫ్‌డీ ఉండదు, ఫండ్స్ ఉండవు.

ఈరోజు మీకు ఆరు నెలల ఖర్చు 4.7 లక్షలు. మీ ప్లాన్ ప్రకారం అప్పులు చేసిన మర్నాటి నుంచి అది 7.2 లక్షలు. కావాల్సిన అత్యవసర నిధి పెరిగిన రోజే ఉన్న నిధిని సున్నా చేసుకుంటున్నారు. ఈ తప్పు ఎవరూ గుర్తించరు. ఈఎంఐ కట్టగలమా అని అడుగుతారే గానీ, జీతం ఆగితే ఎన్ని నెలలు కట్టగలమని అడగరు.

క్రెడిట్ కార్డు అత్యవసర నిధి కాదు. దాంతో లోన్ ఈఎంఐ కట్టలేరు. నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, అది నెలకు మూడు, మూడున్నర శాతం దాకా ఉంటుంది. నగదుకు లిమిట్‌లో కొంత భాగమే ఇస్తారు. పైగా ఉద్యోగం లేదని తెలిస్తే లిమిట్ తగ్గించే హక్కు బ్యాంకుది.

పర్సనల్ లోన్ ముందే తీసుకుంటే ఇంకో చిక్కు. ఆ ఈఎంఐ సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, కనిపించగానే బ్యాంకు మీ ప్లాట్ లోన్ అర్హతను మళ్లీ లెక్కేస్తుంది. వాల్యుయేషన్ సంగతి వేరే. బ్యాంకు మనిషి వచ్చి ఆ సైటు 36 లక్షలే అంటే, 70 శాతం దాని మీదే ఇస్తారు. అప్పుడు వచ్చేది 25.2 లక్షలు. ఒక్క రోజులో ఇంకో 4.2 లక్షల గొయ్యి. దాన్ని పూడ్చడానికి మళ్లీ ఎక్కడ అప్పు చేస్తారు?

ఇక సైటు సంగతి. పెన్నమ్మ పుట్టిన కొండ అది, అనంతపురం వాళ్ల మనసు అటు లాగడం సహజమే. కానీ 1,478 మీటర్ల ఎత్తున కొండ మీద మీకెవరూ సైటు అమ్మరు. అమ్మేదంతా కింది పల్లెల్లో వేసిన లేఅవుట్లే. భూమికి డీసీ కన్వర్షన్ (సాగు భూమిని ఇళ్లకు మార్చిన ఉత్తర్వు), ప్లానింగ్ అథారిటీ అప్రూవల్, పంచాయతీ ఇచ్చే ఫారం 9, ఫారం 11ఎ, 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) చూడకుండా టోకెన్ ఇవ్వకండి. కన్వర్షన్ లేని సాగు భూమిలో వేసిన రెవెన్యూ సైటైతే వదిలేయండి. ఆ చుట్టుపక్కల బోరు వెయ్యి అడుగులు దాటడం మామూలు, నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. చదరపు అడుగుకు 2,000 వేసుకున్నా 700 అడుగుల ఇంటికి 14 లక్షలు, బోరు అదనం. రెండు మూడేళ్లలో కట్టాలని చాలా బ్యాంకులు షరతు పెడతాయి. హోమ్‌స్టే ఆదాయాన్ని మీ లెక్కలో సున్నా అని రాసుకోండి.

చేయాల్సింది ఇది. 7 లక్షల ఎఫ్‌డీని విడగొట్టండి: ఇద్దరి పేరా ఉన్న సేవింగ్స్ ఖాతాలో లక్ష, రెండేసి లక్షల ఎఫ్‌డీలు మూడు. అవసరానికి ఒకటే విరుస్తారు, మిగతావాటి వడ్డీ పోదు. లోన్ తీసుకోబోయే బ్యాంకులో వీటిని పెట్టకండి, ఈఎంఐ తప్పితే అందులోంచి సర్దుకునే హక్కు దానికి ఉంటుంది.

ఆఫీసు బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య బీమా), మీ పేర టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. రెండింటికీ కలిపి నెలకు 7,000 పక్కన పెట్టినా, ఇప్పటి మిగులు 67,000లో 60,000 ఉంటుంది. చేతి నుంచి కట్టాల్సిన 15.8 లక్షల్లో ఫండ్స్ పోను ఇంకా కావాల్సింది 11.8 లక్షలు. ఇరవై నెలల్లో జమవుతుంది. అప్పుడు ప్లాట్ లోన్, ప్రీమియం కలుపుకుని నెల ఖర్చు 1,14,800, ఆరు నెలలకు 6.9 లక్షలు. విడగొట్టి పెట్టిన ఈ 7 లక్షలు దానికి సరిపోతాయి, ముట్టుకోకుండా ఉంటే.

ఈలోపు కొండ మీద గడపాలనిపిస్తే కర్ణాటక పర్యాటక సంస్థ కేఎస్‌టీడీసీ వాళ్ల హోటల్ మయూర పైన్ టాప్‌లో గదులున్నాయి. స్థిరపడాలన్న ఆశ గట్టిదైతే చిక్కబళ్లాపురంలో 11 నెలలు అద్దెకు ఉండి, ఒక ఎండాకాలం నీటి ట్యాంకర్ బిల్లు కట్టి చూడండి. ఆఫీసుకు రోజూ రానూ పోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది. సంక్రాంతి తర్వాత రేటు పెరుగుతుందని బ్రోకర్ తొందరపెడితే, లోన్ మంజూరు కాకపోతే 15 రోజుల్లో టోకెన్ తిరిగిస్తానని అగ్రిమెంటులో రాయించమనండి. రాయించకపోతే ఆ సైటు వద్దు.