కంప్యూటర్ కష్టాలు: యాంటీవైరస్సే అడ్డం పడితే

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గోల. యాంటీవైరస్ వేశాక ఫలానాది పనిచేయడం లేదు, తీసి పారేయమంటారా అని. తీసేయొద్దు. ఏది దేన్ని ఆపుతోందో ముందు పట్టుకోండి, ఆ ఒక్కదానికే దారి ఇవ్వండి.

సార్, మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఆఫీసులో మూడు సిస్టమ్‌లు, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా మెయిన్ సిస్టమ్‌లో ఉంటుంది. సీజన్ ముందర మా ఓనరు కొత్త యాంటీవైరస్ కొనిచ్చారు. అప్పట్నుంచి వోచర్ సేవ్ కొడితే ఆడక ఆగిపోతుంది, ఒక్కోసారి ఫైల్ రాయలేకపోతున్నానని ఎర్రర్. బయట తోతాపురి లోడ్లు వేబ్రిడ్జి దగ్గర వరసకట్టి ఉంటాయి, లోపల బిల్లు రాదు. కొత్తదాన్ని ఆఫ్ చేస్తే కొంచెం నయం. - అకౌంటెంటు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

"కొంచెం నయం" అన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకు. పూర్తిగా బాగవలేదంటే లోపల ఇంకోటి కూడా ఉండి ఉంటుంది. కొత్త కంప్యూటర్‌తో పాటు ఉచితంగా ఏదో ఒక యాంటీవైరస్ ట్రయల్ వస్తుంది, గడువు అయిపోయాక దాన్ని ఎవరూ తీయరు. దాని మీద మీ ఓనరు కొన్నది ఎక్కింది. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అయితే వేరే యాంటీవైరస్ వచ్చి విండోస్‌లో నమోదు కాగానే తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. కానీ బయటి కంపెనీలవి రెండు ఉంటే ఒకదానికొకటి తప్పుకోవు. టాలీ ఒక ఫైల్ తెరవగానే మొదటిది దాన్ని పట్టుకుని చూస్తుంది, అది తెరిచింది కాబట్టి రెండోది మళ్లీ చూస్తుంది, ఆ లోపల టాలీ రాయబోతే ఫైల్ వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ఒకే స్టీరింగు మీద ఇద్దరు డ్రైవర్లు చేతులు పెట్టినట్టు.

విండోస్ సెక్యూరిటీ తెరిచి సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ నొక్కండి, ఏమేం ఉన్నాయో పేర్లతో కనిపిస్తాయి. ముందు టాలీ డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, దాన్ని సిస్టమ్ నుంచి పీకి బీరువాలో పెట్టి, ఆ తర్వాతే చేయి పెట్టండి. పాతదాన్ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు, విండోస్ లోపల పనిచేసే దాని చిన్న ప్రోగ్రామ్‌లు (వీటినీ డ్రైవర్లే అంటారు) కొన్ని లోపలే ఉండిపోవచ్చు. పెద్ద కంపెనీలు చాలావరకు ఇందుకోసమే విడిగా ఒక రిమూవల్ టూల్ ఇస్తాయి, అది ఆ కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. వేరే చోట ఆ పేరుతో దొరికేదాన్ని నమ్మకండి.

అప్పటికీ నెమ్మదిగా ఉంటే ఎక్స్‌క్లూజన్ ఇవ్వాలి, అంటే ఫలానాదాన్ని చూడొద్దని యాంటీవైరస్‌కు చెప్పాలి. ఇక్కడే చాలామంది సి డ్రైవ్ మొత్తం రాసేసి చేతులు దులుపుకుంటారు. అంతకన్నా యాంటీవైరస్ లేకపోవడమే నయం, కనీసం ఉందన్న భ్రమ ఉండదు. మిగతా రెండు సిస్టమ్‌లలో టాలీ ప్రోగ్రామ్‌ను ప్రాసెస్‌గా (నడుస్తున్న ప్రోగ్రామ్‌గా), అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ పూర్తి దారితో సహా ఇవ్వండి, ఉత్త పేరు రాస్తే అదే పేరు పెట్టుకున్న దొంగ ఫైల్ కూడా దూరిపోతుంది. డిఫెండర్ సంగతి చెప్పాలంటే, ప్రాసెస్‌గా ఇచ్చినప్పుడు టాలీ తెరిచే ఫైళ్లను అప్పటికప్పుడు చూడడం మాత్రమే ఆగుతుంది, వారానికోసారి పెట్టుకునే స్కాన్ మామూలుగానే జరుగుతుంది. మెయిన్ సిస్టమ్‌లో మాత్రం ఇది చాలదు. ఎందుకంటే మిగతా ఇద్దరూ నెట్‌వర్క్ మీదుగా వచ్చి అక్కడ రాస్తారు, ఆ రాత అక్కడి టాలీ పేరు మీద జరగదు. అక్కడ డేటా ఫోల్డర్ ఒక్కదాన్ని ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌ను ఏ స్కానూ చూడదు కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలూ, పీడీఎఫ్‌లూ అందులో పడేయకుండా చూసుకోవడం మీ బాధ్యత. ఇదంతా అయ్యాక ఆ రెండు సిస్టమ్‌లకు డేటా అసలు కనిపించకపోతే అది స్కాన్ గొడవ కాదు, నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌ది. ఆఫీసు నెట్‌వర్క్ పబ్లిక్ అని పడి ఉంటుంది, ప్రైవేట్ అని మార్చండి.

అన్నా, తిరుపతిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. మూడు వందల దర్శనం టికెట్లు వదిలే రోజు జనం పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే ఫైర్‌ఫాక్స్‌లో ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వస్తోంది. క్రోమ్‌లో బాగుంది. డేటు, టైము సరిగానే ఉన్నాయి. - అలిపిరి రోడ్డు, తిరుపతి

తమ్ముడూ, డేటు చూశావంటే సగం పని నువ్వే చేశావు. మీ యాంటీవైరస్‌లో వెబ్ స్కానింగ్ ఆన్ అయి ఉంటుంది. తాళం గుర్తు ఉన్న సైట్లలో ఏం వస్తోందో బయటికి కనిపించదు కదా, అందుకని అది మధ్యలో నిలబడి, సైటు తానెవరో రుజువు చేసే సర్టిఫికెట్ బదులు తన సర్టిఫికెట్ బ్రౌజర్‌కు చూపిస్తుంది. క్రోమ్ విండోస్‌లో చేర్చిన సర్టిఫికెట్లను కూడా నమ్ముతుంది, యాంటీవైరస్ తనది అక్కడ ముందే చేర్చుకుని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంది. కొత్త వెర్షన్లు మామూలుగా విండోస్‌లో చేర్చినవాటినీ నమ్ముతాయి, కానీ మీది పాత వెర్షన్ అయినా, ఆ సెట్టింగ్ ఆపి ఉన్నా, సొంత జాబితాలో లేని పేరును ఒప్పుకోదు. నన్నడిగితే అలా ఒప్పుకోకపోవడమే సరైన పని.

ఎర్రర్ పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కి సర్టిఫికెట్ చూడు, ఎవరు ఇచ్చారన్న చోట మీ యాంటీవైరస్ పేరు ఉంటే భయం లేదు. అందులో వెబ్ స్కానింగ్ ఒక్కటి ఆపు, మిగతావి అలాగే ఉంచు. అక్కడ ఎప్పుడూ వినని పేరు కనిపిస్తే మాత్రం ఆ సిస్టమ్‌లో ఎవరి కార్డు నంబరూ, ఎవరి ఆధారూ కొట్టనివ్వకు, నెట్ వైరు పీకేయి. రోజూ ఊరుకాని ఊరినుంచి వచ్చినవాళ్లు నీ దగ్గర కూర్చుని డబ్బులు కడతారు. టికెట్ పోతుందన్న టెన్షన్‌లో "యాక్సెప్ట్ ది రిస్క్" నొక్కేయడం అలవాటైతే, నిజంగా ఎవడో మధ్యలో దూరిన రోజు కూడా నొక్కేస్తారు.

సార్, పెళ్లికార్డులు కొట్టే డీటీపీ షాపు మాది. తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్‌ను డిఫెండర్ రోజూ మాయం చేస్తోంది. సీడీ పోతే స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, దాంతో పాటు లైసెన్సు అడగకుండా నడిపించే ఒక ప్యాచ్ కూడా. పైగా కార్డు డాక్యుమెంట్స్‌లో సేవ్ చేస్తే ఫైల్ నాట్ ఫౌండ్ అంటోంది. - చర్చి వీధి, చిత్తూరు

మీవి రెండు వేర్వేరు జబ్బులు. సేవ్ కాకపోవడం కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ వల్ల కావచ్చు. 2017లో విండోస్ 10తో వచ్చింది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌ను ఆపడానికి. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మీ దగ్గర ఎవరో ఆన్ చేశారు. అది తనకు తెలియని ప్రోగ్రామ్‌లను డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో రాయనివ్వదు, పాపం మీ పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు తనను ఎవరు ఆపారో తెలియక ఫైలే లేదంటుంది. విండోస్ సెక్యూరిటీలోని ప్రొటెక్షన్ హిస్టరీలో ఆ టైముకు ఏది ఆగిందో ఉంటుంది, ఆ ప్రోగ్రామ్‌ను అనుమతించిన జాబితాలో చేర్చండి.

టైపింగ్ ప్రోగ్రామ్ సంగతి. మీరు కొట్టిన ప్రతి కీని అది మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ చేసేదీ మధ్యలో పట్టుకోవడమే, అందుకే అనుమానం. ఇంతవరకు తప్పు డిఫెండర్‌దే అనుకోవచ్చు. కానీ ఆ ప్యాచ్ విషయంలో నేను డిఫెండర్ పక్షం. వైరస్‌టోటల్ సైటులో ఆ ఫైల్ పెట్టి చూడండి, దాదాపు 70 యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. ఒకటో రెండో తప్పు పట్టడం వేరు, ముప్పై పట్టడం వేరు. కస్టమర్ల ఫైళ్లు మాత్రం అక్కడ పెట్టకండి, పెట్టినవి భద్రతా కంపెనీల చేతికి వెళ్తాయి. ప్యాచ్‌కు ఎక్స్‌క్లూజన్ ఎలా ఇవ్వాలో నేను చెప్పను. అసలు కాపీ కొనండి, ఒక ముహూర్తాల సీజన్ కార్డులు పోవడంకన్నా చవక.

2024లో యాంటీవైరస్ అప్‌డేట్ వల్లే కదా ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగాయి? అప్‌డేట్‌లు ఆపేస్తే పోలేదా? - పుత్తూరు

అది జూలై 19న, క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్‌లో లోపం. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు పడిపోయి నీలి ఎర్రర్ తెరకు వచ్చాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. అది ప్రధానంగా సంస్థలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్, మీ ఇంట్లో ఉండదు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ కూడా విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైల్‌నే వైరస్ అనుకుంది. ఇలాంటివి జరుగుతాయి, అయినా ఆపొద్దు.

సార్, ఎస్వీయూలో ఎంసీఏ చదువుతున్నాను. పైథాన్‌లో ప్రాజెక్టు రాసి, పైథాన్ లేని సిస్టమ్‌లోనూ నడిచేలా పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ ఫైల్ చేశాను. నేను రాసినదాన్నే డిఫెండర్ ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే వైరస్) అంటోంది! వైవా దగ్గరపడింది. - తిరుపతి

నీ కోడ్‌లో ఏమీ లేకపోయినా వస్తుందమ్మా. వన్‌ఫైల్ ఆప్షన్ పెడితే పైఇన్‌స్టాలర్ అన్నింటినీ ఒకే ఫైల్‌లో మూటగట్టి, నడిపేటప్పుడు టెంప్ ఫోల్డర్‌లో విప్పుతుంది. వైరస్‌లు రాసేవాళ్లు కూడా అదే వాడతారు కాబట్టి పోలిక కలుస్తుంది. ఆ ఆప్షన్ వదిలేసి ఫోల్డర్‌గా బిల్డ్ చెయ్యి, కొత్త వెర్షన్ పైఇన్‌స్టాలర్ వాడు, తరచూ అక్కడితోనే పోతుంది. పోకపోతే మైక్రోసాఫ్ట్ సైటులో తప్పుగా పట్టుకుందని ఫైల్ పంపవచ్చు, జవాబుకు టైము పడుతుంది కాబట్టి ఇవాళే పంపు. కాలేజీ ల్యాబులో నీకు ఎక్స్‌క్లూజన్ పెట్టే హక్కు ఉండదు. వైవాకు సోర్స్ ఫైళ్లు తీసుకెళ్లి, ఆ సిస్టమ్‌లో పైథాన్ ఉందో లేదో ముందురోజే ల్యాబ్ అసిస్టెంటును అడిగి నేరుగా నడిపి చూపించు.