టెక్ సందేహాలు: డీఆర్ఎస్ పోయింది, మరి ఫార్ములా వన్‌లో ఫైట్ పెరుగుతుందా?

ప్రశ్న: 2026 రూల్స్‌లో డీఆర్ఎస్ తీసేసి బ్యాటరీ బూస్ట్ ఏదో పెట్టారంట, తేడా ఏంటి? రేసులు ఇంట్రెస్టింగ్‌గా ఉండాలంటే మీరైతే ఏం మారుస్తారు?

డీఆర్ఎస్ (డ్రాగ్ రిడక్షన్ సిస్టమ్, అంటే గాలి అడ్డుని తగ్గించే ఏర్పాటు) 2011లో వచ్చింది. ముందు కారుకి సెకను లోపల ఉంటే వెనకవాడి రియర్ వింగ్‌లో (కారు వెనకుండే రెక్కలో) ఫ్లాప్ తెరుచుకుని స్ట్రెయిట్‌లో స్పీడ్ పెరిగేది, ముందువాడికి ఆ ఛాన్స్ ఉండేది కాదు, అందుకే చాలా ఓవర్‌టేక్‌లు హైవే మీద లారీని దాటేసినట్టు చప్పగా ఉండేవి. ఇప్పుడు స్ట్రెయిట్‌లో వింగ్ తెరవడం అందరికీ ఉంది, వెనకున్నవాడికి దొరికేది ఎక్స్‌ట్రా ఎలక్ట్రిక్ పవర్. ఎలక్ట్రిక్ మోటార్ 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది, మొత్తం పవర్‌లో దాదాపు సగం దీనిదే.

నాకు ఇందులో బాగా నచ్చిందేంటంటే, బూస్ట్ ఊరికే రాదు. ఈ స్ట్రెయిట్‌లో ఛార్జ్ అంతా వాడేసి దాటేశాడనుకోండి, తర్వాతి స్ట్రెయిట్‌కి బ్యాటరీ ఖాళీగా దొరికిపోయి మళ్లీ వెనక్కి పోవచ్చు. ఇది నిజమైన ఫైట్, కానీ అదంతా బ్యాటరీలో జరుగుతుంది కాబట్టి చూసేవాళ్లకి అర్థం కావాలంటే కొట్లాడుకుంటున్న రెండు కార్ల ఛార్జ్ స్క్రీన్ మీద పక్కపక్కనే కనపడుతూ ఉండాలి, ఒకడిది 60 శాతం ఇంకొకడిది 15 అని తెలిస్తే దాటకముందే గుండె దడదడలాడుతుంది. పూర్తిగా ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈలో ఎనర్జీ శాతం చూపిస్తారు, అక్కడ సగం టెన్షన్ ఆ నంబర్‌తోనే.

నేను మార్చే రెండోది కారు సైజు. కనీస బరువు 800 నుంచి 768 కిలోలకి, వెడల్పు 2 మీటర్ల నుంచి 1.9కి తగ్గించారు, మంచిదే, కానీ మొనాకో లాంటి ఇరుకు ట్రాక్‌కి ఇది చాలదు. 2025లో అక్కడ రెండు పిట్ స్టాప్‌లు (టైర్లు మార్చడానికి ఆగడం) తప్పనిసరి చేశారు, ఏమైంది? కొన్ని టీమ్‌లు ఒక డ్రైవర్‌ని కావాలని స్లోగా నడిపించి వెనకున్న అందరినీ ఆపేసి, ఆ గ్యాప్‌లో తమ రెండో కారుకి పొజిషన్ పోకుండా పిట్ స్టాప్ చేయించాయి. దాటడానికి చోటే లేనప్పుడు పైన ఎన్ని రూల్స్ పెట్టినా టీమ్‌లు వాటినీ ఇలాగే వాడుకుంటాయి, ముందు కారు చిన్నది చెయ్యాలి.

ప్రశ్న: యాప్‌లో ఫ్యాన్స్ ఓటేస్తే డ్రైవర్‌కి పవర్ ఇచ్చేలా చేస్తే ఎలా ఉంటుంది?

చేసి చూశారండీ. ఫార్ములా ఈ 2014లో ఫ్యాన్‌బూస్ట్ పేరుతో మొదలుపెట్టింది, జెన్3 (మూడో తరం) కార్లు వచ్చేసరికి తీసేసింది. బాగా నడిపినవాడికి కాకుండా ఫాలోయింగ్ ఉన్నవాడికి లాభం వస్తే అది రేస్ కాదు. దానికంటే అక్కడి అటాక్ మోడ్ చాలా బెటర్, ఎక్స్‌ట్రా పవర్ కావాలంటే డ్రైవర్ రేసింగ్ లైన్ (అన్నిటికన్నా వేగంగా వెళ్లే దారి) వదిలి పక్కకెళ్లి టైమ్ పోగొట్టుకోవాలి, రిస్క్ అతనిదే, ఫలితమూ అతనిదే. ఫ్యాన్స్‌కి ఓటు బదులు ఏ డ్రైవర్ ఆన్‌బోర్డ్ కెమెరా చూడాలో, ఏ టీమ్ రేడియో వినాలో ఎంచుకునే వీలు ప్రతి స్క్రీన్ మీదా ఇవ్వాలి.

ప్రశ్న: ఫోన్‌లో లైవ్ టైమింగ్ పెట్టుకుంటే టీవీ స్ట్రీమ్‌లో ఓవర్‌టేక్ కనపడకముందే రిజల్ట్ తెలిసిపోతోంది, ఎందుకు?

టైమింగ్ అంటే నాలుగు అంకెలు, వెంటనే వచ్చేస్తుంది. వీడియో అలా కాదు, హెచ్ఎల్ఎస్ అనే స్ట్రీమింగ్ పద్ధతిలో మామూలుగా 6 సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, ప్లేయర్ అలాంటివి మూడు దాచుకుని మొదలుపెడితే అక్కడికే 18 సెకన్లు లేటు, ఎన్‌కోడింగ్ టైమ్ వేరే. మధ్యలో పాజ్ చేసినా, బఫరింగ్ అయినా ఇంకా వెనకబడుతుంది కాబట్టి లైవ్ బటన్ నొక్కి ముందుకి రండి, ప్లేయర్‌లో లో లేటెన్సీ (తక్కువ ఆలస్యం) ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి, రేస్ అయ్యేదాకా నోటిఫికేషన్లు ఆపేయండి. అసలు పరిష్కారం బ్రాడ్‌కాస్టర్ల దగ్గరే ఉంది: హెచ్ఎల్ఎస్‌లో డేటాని వీడియో టైమ్‌తో కట్టి పంపే ఏర్పాటు ఉంది, టైమింగ్, బ్యాటరీ లెక్కలు అందులోనే పంపితే స్క్రీన్ మీద కారు దాటిన క్షణానికే అంకె మారుతుంది.