విశాఖపట్నం ఎండాడలో రాత్రిపూట కొండ వైపు నుంచి వినబడే అరుపులు: ఏ జంతువో ఎలా పోల్చుకోవాలి?

"కుక్కలాగే ఉంది, కానీ ఒక్కసారి మొరిగి ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ ఒక్కసారి" అని రాసి, అది ఏ జంతువని అడిగారు. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. కంబాలకొండ అభయారణ్యం అంచున ఆ వరసలో మొరిగేది చాలావరకు కొండగొర్రే. మొరిగే జింక అనేదీ దాన్నే.

గొంతు ఎలా ఉందన్నది తర్వాత, ముందు అరుపుకీ అరుపుకీ మధ్య ఎడం చూడండి. దూరం పెరిగేకొద్దీ శబ్దంలోని పదును మొదట పోతుంది, అందుకే దగ్గర్లో కీచుగా ఉండేది దూరానికి మెత్తగా వినిపిస్తుంది. కొండలకు తగిలి వచ్చిన ప్రతిధ్వనితో దిక్కు కూడా తారుమారవుతుంది. ఎడం మాత్రం ఎంత దూరం నుంచి విన్నా మారదు.

కొండగొర్రెది ఒకే బొంగురు మొరుగు, కొన్ని సెకన్ల ఎడం, మళ్ళీ ఒకటి. అరగంట సాగుతుంది, ఒక్కోసారి గంట దాటుతుంది. వీధికుక్కకు అంత ఓపిక లేదు. నాలుగైదు మొరుగులు ఒక్క గుక్కలో వదిలేసి, పక్క వీధి కుక్క అందుకుంటే దానికి జవాబు చెబుతుంది. అయితే కొండగొర్రె మొరిగింది కదా అని చిరుత దిగిందని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేయకండి. మనిషి అలికిడైనా, కుక్కైనా, పొదల్లో సరిగా కనబడని కదలికైనా దానికి చాలు. అదే వైపు నుంచి కణుజు (సాంబార్ జింక) కూడా అందుకుంటే అప్పుడు చెవి పెట్టాలి. కణుజుది ఖంగుమనే పెద్ద అరుపు, దగ్గర్లో ఉంటే కాలు నేలకేసి కొట్టే చప్పుడూ తెలుస్తుంది. చుక్కల దుప్పి హెచ్చరిక సన్నగా, కీచుగా, పొట్టిగా ఉంటుంది. అది చిన్నదానికీ బెదురుతుంది కాబట్టి నేనైతే కణుజు మాటకే ఎక్కువ విలువిస్తాను. ఎండాకాలంలో మగ దుప్పి జత కోసం గరగరమని అరుస్తుంది. అది విని భయపడేవాళ్ళు చాలామంది, కానీ అందులో ప్రమాదమేమీ లేదు.

ఏడుపులా మొదలైతే నక్క. ఒకటి పొడుగ్గా తీస్తుంది, స్వరం మెట్లెక్కినట్టు పైకి పోతుంది, ఇంతలో మిగతావి కలుస్తాయి, చివరికి అన్నీ కలగాపులగంగా కీచులాడి టక్కున ఆపేస్తాయి. ముసి చీకట్లోనూ తెల్లవారుజామునా ఎక్కువ. రైలు కూత, అంబులెన్స్ సైరన్ విన్నా ఎత్తుకుంటాయి. కుక్క ఊళ ఇంచుమించు ఒకే స్వరం మీద సాగుతుంది. ఇక్కడ చిక్కేమిటంటే నక్కలు మొదలెట్టగానే వీధికుక్కలూ ఊళ పెడతాయి, నక్కలు ఆపేశాక కూడా అవి మొరుగుతూనే ఉంటాయి. కాబట్టి మొదటి పది సెకన్లే లెక్కలోకి తీసుకోండి. నక్క చిరుతను చూసినప్పుడు పెట్టే కేక వేరు. ఒంటరిది, వికృతంగా ఉంటుంది, గుంపు తోడు రాదు.

చిరుత గాండ్రించడం సినిమాల్లో ఎక్కువ. అడవిలో అది తన ఉనికి చాటేది మొద్దు మీద రంపం లాగినట్టుండే గరగర శబ్దంతో. ఊపిరి తీసుకుంటూ ఒక చప్పుడు, వదులుతూ ఒకటి, వరసగా పది పదిహేను, తర్వాత నిశ్శబ్దం. మూలుగులతో మొదలై, పెద్ద గర్జనలై, చివరికి పొట్టి హుంకారాలుగా తగ్గిపోయే అరుపు విన్నారా? అది సింహం, జూలోనిది. హైవేకి సముద్రం వైపున 1977 నుంచి ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది కదా, అవతల పక్క కంబాలకొండ. సింహం గర్జన అనువైన రాత్రి 8 కిలోమీటర్ల దాకా వినబడుతుంది. "కొండ మీద సింహం" కథలన్నీ ఇక్కడే పుడతాయి. రాత్రి గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కనుక కొండ శబ్దాలు బీచ్ రోడ్డు వైపు బాగా వస్తాయి. పగలు అంతకు తిరగబడుతుంది.

అడవిపంది బెదిరితే ఒక్క ముక్కుచీదుడు, ఆపైన ఆకుల గలగల. ముళ్లపంది తోకముళ్ళు గలగలలాడిస్తుంది. పైకప్పు మీద ధబధబమని బరువైన అడుగులు, అరుపు లేదు అంటే మానుపిల్లి.

జంతువు అని తేల్చే ముందు పక్షి కాదని రూఢి చేసుకోండి. తెల్ల గుడ్లగూబ గీపెడితే మనిషి అరిచినట్టే ఉంటుంది. నైట్‌జార్ ఒకే తీరున టక్ టక్ మని నిమిషాల తరబడి కొడుతుంది. నెమలి రాత్రిపూట కూడా అరుస్తుంది. పక్షుల గొంతు గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో సౌండ్ ఐడీ పెట్టి చూడండి. పక్షి అయితే చాలాసార్లు పట్టేస్తుంది, జంతువుల జోలికి అది పోదు.

రికార్డింగ్‌లోనే ఎక్కువమంది ఆధారం పోగొట్టుకుంటారు. అరుపు వినగానే ఫోన్ తీసి పది సెకన్లు పట్టేస్తే ఎడం తెలియదు, కనీసం 3 నిమిషాలు ఉండాలి. ఫార్మాట్ డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించనిది), శాంపిల్ రేటు 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్. నాయిస్ రిడక్షన్ ఉంటే ఆపేయండి, అది దూరపు అరుపునే రొదనుకుని చెరిపేస్తుంది. ఏసీ బయటి యూనిట్‌కి దూరంగా, పిట్టగోడ మీద మడతపెట్టిన తువ్వాలు వేసి ఫోన్ పెట్టి, మీరు పక్కకి జరగండి. వాట్సాప్‌లో వాయిస్ నోటుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపేది) తెరిస్తే మొరుగు నిలువు పట్టీలాగా, నక్క కూత ఒకదాని మీద ఒకటి పేర్చిన వంకర గీతల్లాగా కనబడుతుంది.

ఫోన్‌లో అరుపు వినిపించి జంతువును రప్పించే పని వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో జంతువుల్ని వేధించడాన్ని నిషేధిస్తుంది. చిరుతేనని గట్టిగా అనిపిస్తే కొండ వైపు నడక మానేసి, పెంపుడు కుక్కను లోపల కట్టి, అటవీ శాఖకు చెప్పండి. మీ రికార్డింగ్ ఇక్కడ పెట్టేటప్పుడు సమయం, బాల్కనీ ఏ దిక్కుకు ఉందో, ఎన్నో అంతస్తో, వాన పడిందో లేదో రాయండి.